బస్సుకు అచ్చు, బస్‌కు హల్లు: కంబోడియాలో ఇంగ్లీషు పాఠాలు

"ఆ పనికి తెల్లవాళ్లు దొరకలేదా అమ్మా?"

కంబోడియా వెళ్లి ఇంగ్లీషు నేర్పబోతున్నానని మా చర్చి స్త్రీల సమాజంలో చెప్పగానే ఒక పెద్దావిడ అన్న మాట ఇది. అందులో ఎగతాళి ఏమీ లేదు. గుంటూరులో దొరసానులు నడిపిన బడిలో చదువుకున్న తరం ఆవిడది. ఇంగ్లీషు వాళ్ల సొత్తు, నేర్పడం వాళ్ల వంతు, నేర్చుకోవడం మన వంతు అన్న లెక్క ఆవిడ మనసులో ఎప్పుడో స్థిరపడిపోయింది. నవ్వి ఊరుకున్నాను కానీ నన్నూ అదే ప్రశ్న తొలుస్తోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషు లెక్చరర్ లేపి నిలబెడితే చెమటలు కక్కిన మనిషిని. 20 ఏళ్లకు పైగా హైస్కూల్లో ఇంగ్లీషే చెబుతున్నాను, నిజమే. కానీ అది మన పిల్లలకు, కష్టమైన చోట తెలుగులో విడమరిచి చెప్పే వెసులుబాటుతో. తెలుగు ముక్క పనికిరాని చోట నేనేం నేర్పగలను?

మాది లూథరన్ సంఘం. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్ తెలుగు నేర్చుకుని బడులు పెట్టిన దగ్గర్నుంచి మా చరిత్రంతా బడులతో, ఆసుపత్రులతో ముడిపడి ఉంది. అయినా మా వాళ్లలో పరదేశ పరిచర్యకు వెళ్లినవాళ్లు తక్కువే. ఈ అవకాశం కూడా సింగపూర్‌లో స్థిరపడిన మా సంఘపు కుటుంబం ఒకటి కలిపింది. వాళ్ల సంఘం ఏటా వర్షాకాలంలో, కంబోడియా బడులకు సెలవులు ఉన్నప్పుడు, బాటంబాంగ్ దగ్గర ఒక పల్లెకు బృందాన్ని పంపుతుంది. సింగపూర్ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, గుంటూరు నుంచి నేను, గిటారు వాయించే మా యవ్వనస్థుల కుర్రాడు ఒకడు. ఇదీ మా గుంపు. ఖర్చుకు సగం నా జీతంలోంచి, మిగతాది కానుకలు. స్త్రీల సమాజం వాళ్లు ఆవకాయ, గోంగూర అమ్మి కొంత పోగుచేశారు. తెల్లవాళ్ల సంగతి అడిగిన పెద్దావిడే అందరికంటే ఎక్కువ సీసాలు అమ్మింది.

వెళ్లేవాళ్లంతా 120 గంటల టెఫెల్ కోర్సు చేయాలన్నారు. ఇంగ్లీషు తల్లిభాష కానివాళ్లకు ఇంగ్లీషు నేర్పే పద్ధతుల కోర్సు అది, ఆన్‌లైన్‌లోనే. సగం చప్పగా సాగింది. పనికొచ్చిన సగంలో రెండు సంగతులు గట్టిగా గుర్తున్నాయి. మొదటిది, మాట చెప్పి దానికి తగ్గ పని చేయించడం: లే, కూర్చో, తలుపు తెరువు, పుస్తకం అందుకో. జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. రెండోది, ‘అర్థమైందా?’ అని ఎప్పుడూ అడగకూడదని. అడిగితే ప్రపంచంలో ఏ పిల్లవాడైనా అర్థమైందనే అంటాడు. ఆ ముక్క చదివినప్పుడు రోజుకు ఎన్నిసార్లు అంటానో లెక్కేసుకుని కాసేపు పాఠం మూసేశాను.

కాగితాల పని గురించి వెళ్లాలనుకునేవాళ్ల కోసం రెండు మాటలు. పిల్లల మధ్య పనిచేసే పని కాబట్టి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తప్పనిసరి అన్నారు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దరఖాస్తు చేస్తే వస్తుంది. కంబోడియాకు టూరిస్టు వీసా మీద వెళ్లి పాఠాలు చెప్పడం సరికాదు. ఇ-తరగతి వీసా తీసుకోవాలి, విమానాశ్రయంలో దిగాక 35 డాలర్లు కట్టాను. డాలరు నోట్లు చిరుగు లేనివి, మడత పడనివి చూసి పట్టుకెళ్లండి. చిన్న చిరుగున్నా అక్కడ ఎవరూ ముట్టుకోరు. చిల్లర మాత్రం వాళ్ల రియల్స్‌లో ఇస్తారు, డాలరుకు దాదాపు 4,000.

ఇంకొకటి వీసా కంటే ముఖ్యం. కంబోడియా బౌద్ధ దేశం. క్రైస్తవులు పిడికెడు. ఇంటింటికీ తిరిగి మతప్రచారం చేయకూడదని 2007లో అక్కడి ప్రభుత్వం క్రైస్తవ సంస్థలకు మళ్లీ గట్టిగా చెప్పింది. సాయం ఎరచూపి మతంలోకి లాగకూడదన్నది కూడా నిబంధనే. బృందంలో కొందరికి ఇది సంకెలగా తోచింది. నాకు మాత్రం ఊరట కలిగింది. పాఠం పాఠంగా చెప్పాలి, ఆదివారం ఆరాధన ఆరాధనగా ఉండాలి, ఇష్టమున్నవాళ్లు వస్తారు. ఇంగ్లీషు క్లాసని పిలిచి బైబిలు కథ చెప్పడం బోధ కాదు, మోసం. ఇది నా అభిప్రాయం, మా బృందంలో అందరిదీ కాదు.

హైదరాబాదు నుంచి బ్యాంకాక్ మీదుగా ఫ్నోమ్ పెన్, అక్కడి నుంచి దాదాపు 300 కిలోమీటర్లు బస్సులో బాటంబాంగ్. ఊళ్లు దాటాక కిటికీలోంచి చూస్తే ఒకటే వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు. తెనాలి నుంచి రేపల్లె వెళ్తున్నానేమోనని భ్రమ. తాటిచెట్టు వాళ్ల జాతీయ వృక్షమట. దారిలో బస్సు ఆగిన చోట తాటిబెల్లం బిళ్లలు, ముంజలు అమ్ముతున్నారు. మా కుర్రాడు ముంజలు కొనుక్కొచ్చి, ‘టీచరమ్మా, మనం ఇంకా విమానం ఎక్కలేదు’ అన్నాడు.

మా తరగతి ఒక రేకుల షెడ్డు. పక్కనే గుంజల మీద లేపి కట్టిన పాస్టరుగారి ఇల్లు. ఆ ఇంటి కింద నీడలో ఊయల, కోళ్లు, మోటారు సైకిళ్లు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. నేను అడుగు పెట్టగానే పిల్లలంతా దిగ్గున లేచి, రెండు చేతులూ జోడించి, రాగం తీసి గుడ్ మార్నింగ్ చెప్పారు. ఎలా ఉన్నారని అడిగితే మళ్లీ అదే రాగంలో బాగున్నాం, ధన్యవాదాలు, మీరెలా ఉన్నారని మూడు ముక్కలూ ఊపిరి తీయకుండా అప్పజెప్పారు. అచ్చం మా ఆరో తరగతి. ఆ తర్వాత ఒక్కొక్కరినీ ‘పొద్దున ఏం తిన్నావు?’ అని అడిగాను. షెడ్డంతా నిశ్శబ్దం. ఇదీ మా ఆరో తరగతే. వచ్చినవాళ్లలో ఆరేళ్ల పిల్ల ఉంది, మీసం మొలుస్తున్న అబ్బాయి ఉన్నాడు, తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చిన అక్క ఉంది. పల్లెల్లో ఉచిత తరగతి అంటే అంతే మరి.

అక్కడ ఆడవాళ్లు ‘అవును’ అనడానికి ‘చా’ అంటారు, మగవాళ్లు ‘బాత్’ అంటారు. కొత్తలో నేను ఏది అడిగినా ఆడపిల్లలంతా వినయంగా ‘చా’ అంటుంటే, నా తెలుగు చెవికి అది ‘ఛా, నువ్వు చెప్పొచ్చావులే’ అన్నట్టు వినపడి ఉలిక్కిపడేదాన్ని. పైగా ఆ ‘చా’ చాలాసార్లు ‘వింటున్నానండీ’ అనేంత మాత్రమే, అర్థమైందని కాదు.

ఇక అసలు చిక్కు. పిల్లలు చదువుతుంటే మాటలకు తోకలు ఉండవు. రైస్ అనమంటే ‘రై’. హౌస్ అనమంటే ‘హౌ’. నైస్, నైన్, నైట్ మూడూ ఒక్కటే. మా బృందంలో సింగపూర్ అమ్మాయిలు ఇంగ్లీషు నీళ్లలా మాట్లాడతారు. వాళ్లు ‘రైస్’ అని మళ్లీ చెప్పారు, ఇంకాస్త గట్టిగా చెప్పారు, చివరికి అరిచి చెప్పారు. పిల్లలు కూడా అంతే గట్టిగా ‘రై’ అని అరిచారు. ఇబ్బంది ఎక్కడుందో ఆ అమ్మాయిలకు అంతు పట్టలేదు. ఎందుకు పడుతుంది? వాళ్లకు ఆ సకారం ఎప్పుడూ అడ్డం రాలేదు.

నాకు అడ్డం వచ్చింది, వేరే దారిలో. మనది అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మనకు ఊపిరాడదు. బస్సు, కారు, రైసు, హౌసు. కాలేజీలో మా లెక్చరర్ ‘బస్సు కాదు, బస్’ అంటూ బల్ల మీద చేత్తో చరిచి చివరి ఉకారాన్ని కోసేసేవారు. నా నోరు ఆ కోతకు అలవాటు పడటానికి ఏడాది పట్టింది. కంబోడియా భాష ఖ్మేర్. వాళ్లది సరిగ్గా ఎదురు జబ్బు. వాళ్ల మాటల చివర హల్లులు పెదవుల దాకా వచ్చి ఆగిపోతాయి, బయటికి విడుదల కావు. రాతలో సకారం ఉన్నా మాట చివర అది హకారంలా గాలిలో కలిసిపోతుంది. నేను ఎక్కువ పలికి చెడ్డదాన్ని, వాళ్లు తక్కువ పలికి చిక్కుకున్నారు. కానీ మాట చివరే ప్రమాదం ఉందని నాకు ఒంటికి పట్టి తెలుసు.

వాళ్లకు మాట మొదట్లో సకారం బాగా వస్తుంది. బడిని వాళ్లు కూడా ‘సాలా’ అంటారు. అది ఆసరాగా తీసుకున్నాను. ‘బస్ సాలా’ అనమన్నాను, గబగబా కలిపి. అన్నారు. తర్వాత ‘సాలా’ను గుసగుసగా అనమన్నాను. తర్వాత ‘సా’ మాత్రమే. తర్వాత నోరు తెరవకుండా పళ్ల సందులోంచి గాలి మాత్రమే, సైకిలు ట్యూబు పంక్చరైనట్టు. షెడ్డంతా బుసబుసలు. మీసాల అబ్బాయి మొదట సిగ్గుపడి ఊరుకున్నాడు, ఆ తర్వాత అందరికంటే పొడుగ్గా బుస కొట్టి పక్కవాడి మీద తుంపర్లు పడేసాడు. చంకలో ఉన్న తమ్ముడు కూడా మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ రోడ్డు మీద ప్రతి మాట చివరా సకారం తగిలించుకుంటూ పోయారు, అవసరం లేనివాటికి కూడా. మర్నాడు ఆ అదనపు తోకలు కోయడం నా వంతైంది. అది నాకు కొట్టిన పిండే.

ఏ, యాన్, ది అనే మూడు ముక్కల విషయంలో ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం. ఖ్మేర్‌లో అవి లేవు, తెలుగులోనూ లేవు. కాలాల సంగతి వేరు. మనకు వెళ్లాను, వెళ్తాను అని క్రియ మారుతుంది. వాళ్లకు మారదు, పక్కన ‘నిన్న’ అనో ‘రేపు’ అనో పెడితే సరిపోతుంది. అందుకే నిన్న బజారుకు ‘వెళ్తాను’ అన్నట్టుగా మాట్లాడతారు. షెడ్డు నేల మీద సుద్దతో గీత గీసి, ఇటు నిన్న, అటు రేపు అని గెంతించాను. ఆట బాగానే సాగింది. కానీ దానితో కాలాలు వచ్చేశాయని నేను అనలేను.

ఒక సాయంత్రం క్లాసు మధ్యలో వాన ఊపందుకుంది. రేకుల మీద ఆ మోతకు నా గొంతు నాకే వినపడలేదు. సింగపూర్ వాళ్లు ఆ పూటకు ఆపేద్దామన్నారు. పిల్లలు ఆ వానలో ఇంటికి ఎలాగూ వెళ్లలేరు. నేను సుద్దముక్క తీసుకుని, ఎర్ర చొక్కా అబ్బాయీ, లేచి తలుపు మూయి అని బోర్డు మీద రాశాను. వాడు చదువుకుని, అటూ ఇటూ చూసి, తన చొక్కా చూసుకుని, లేచి వెళ్లి మూశాడు. అంతా చప్పట్లు కొట్టారు. అవీ వినపడలేదు. తర్వాత సుద్దముక్క వాడికే ఇచ్చాను. వాడు ఇంకొకరికి పని రాశాడు. అలా చేతులు మారుతూ పోయి, మొదటి రోజు నుంచీ పెదవి విప్పని ఒక పిల్ల దగ్గరికి వచ్చింది. తడిచేత్తో పట్టుకుంటే సుద్ద మెత్తబడి విరిగింది. చిన్న ముక్కతోనే ఆ పిల్ల బోర్డు మూలకు పోయి, ఎవరికీ పని చెప్పకుండా ‘మా ఇంట్లో నీళ్లు ఉన్నాయి’ అని రాసింది. క్రియ తప్పు, మిగతాదంతా ఒప్పు. నేను దిద్దబోతుండగా అక్కడి టీచరు లేచి వచ్చి ఖ్మేర్‌లో ఏదో అడిగింది. నదికి ఆనుకుని ఉన్న వాళ్ల ఇంట్లోకి ముందు రోజు రాత్రే నీళ్లు వచ్చాయట. క్లాసు అయ్యాక పాస్టరుగారు మోటారు సైకిలు మీద బియ్యం మూట వేసుకుని వెళ్లారు. క్రియ నేను మర్నాడు దిద్దాను.

ఆ టీచరు గురించి చెప్పాలి. పాతికేళ్లు కూడా నిండని అమ్మాయి, పట్నంలో డిగ్రీ చదువుతూ ఏడాది పొడుగునా ఆ షెడ్డులో సాయంత్రాలు పాఠం చెప్పేది తనే. మేము వచ్చిన కొత్తలో మూల బెంచీ మీద కూర్చుని, పిల్లలు అల్లరి చేస్తే కళ్లతో సైగ చేయడం తప్ప ఏమీ మాట్లాడేది కాదు. సిగ్గు అనుకున్నారు మావాళ్లు. ఒకరోజు వంటింట్లో చేపలు బాగుచేస్తూ కూర్చున్నప్పుడు నాకు కొంచెం చనువు దొరికి అడిగాను. నన్ను ‘బోంగ్’ అనేది, అంటే అక్కా అని. నెమ్మదిగా మాటలు వెతుక్కుంటూ చెప్పింది. ఏటా ఏదో ఒక బృందం వస్తుంది. పాటలు పాడిస్తారు, బెలూన్లు పంచుతారు, ఫొటోలు దిగుతారు. ఆ రోజుల్లో తన పుస్తకం అటకెక్కుతుంది. వాళ్లు వెళ్లాక పిల్లలు కొన్నాళ్లు తన పాఠం వినరు. బెలూన్లు ఎప్పుడని అడుగుతారు.

మర్నాటి నుంచి పొద్దున్నే ఇద్దరం కూర్చుని పాఠం తయారు చేసుకోవడం, సాయంత్రం తను చెప్పడం, నేను మూల బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాం. ఉచ్చారణ దగ్గర, పని చేయించే ఆటల దగ్గర మాత్రం నేను లేచేదాన్ని. మా వెంట తెచ్చిన బొమ్మల అట్టల్లో మంచు మనిషి, చలిమంట, యాపిల్, స్ట్రాబెర్రీ ఉంటే పక్కన పెట్టేసి తను మామిడి, పనస, దున్నపోతు, తామర, తాటిచెట్టు బొమ్మలు వేసింది. బొమ్మలు వేయడంలో ఆ అమ్మాయి చెయ్యి తిరిగినది. దున్నపోతు బొమ్మ చూపగానే పిల్లలు నోటి నిండా మాట్లాడారు, ఎవరి దున్న ఎవరి చేలో పడిందో కూడా చెప్పారు. తెల్లవాళ్లో, సింగపూర్ వాళ్లో నేర్పితేనే అసలు ఇంగ్లీషు అనుకునే తల్లిదండ్రులు అక్కడ కూడా ఉన్నారు. తను పాఠం చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడి, విదేశీ టీచర్లు ఎందుకు కూర్చున్నారని అడిగిన ఒక తండ్రికి పాస్టరుగారు సర్దిచెప్పాల్సి వచ్చింది.

ఆ పాస్టరుగారి ఇంగ్లీషుకు ఒక కథ ఉంది. 1975 నుంచి 1979 దాకా నియంత పోల్ పాట్ పాలనలో బడులు మూతపడ్డాయి. టీచర్లు, చదువుకున్నవాళ్లు వెతికి వెతికి చంపబడ్డారు. ఆయన తండ్రి తాను టీచరునన్న సంగతి దాచిపెట్టి, చదువురాని రైతులా బతికి బయటపడ్డాడట. ఆ తర్వాతి ప్రభుత్వం హయాంలో వియత్నామీస్, రష్యన్ నేర్పారు. ఇంగ్లీషు, ఫ్రెంచి నేర్చుకోవడానికి వీల్లేదు. ఈయన థాయ్ సరిహద్దులోని సైట్ టూ శరణార్థి శిబిరంలో పెరిగాడు. అక్కడే ఇంగ్లీషు, అక్కడే క్రీస్తు విశ్వాసం. 1993లో ఐక్యరాజ్య సమితి వాళ్లు వెనక్కి పంపినవాళ్లలో ఆయనా ఒకడు. ఇవన్నీ ఆయన సానుభూతి కోసం చెప్పలేదు. ప్రహొక్ అనే చేపల ముద్దను అన్నంలో కలుపుకుంటూ, నా గోంగూర పచ్చడి రుచి చూస్తూ, మధ్యమధ్యలో చెప్పాడు. గోంగూర ఆయనకు నచ్చింది, ప్రహొక్ నాకు నచ్చింది. మన పల్నాడు ఎండుచేపలు తిన్న నోటికి అదేమంత కొత్త కాదు. తిరుగు ప్రయాణంలో ఫ్నోమ్ పెన్‌లో టూల్ స్లెంగ్ చూశాను. ఒకప్పుడు హైస్కూలు. పోల్ పాట్ కాలంలో తరగతి గదులను ఇటుకలతో, చెక్కలతో చిన్న చిన్న కొట్లుగా విడగొట్టి మనుషుల్ని బంధించి హింసించిన చోటు. టీచరుగా పనిచేసేవాళ్లు అది చూసి మామూలుగా బయటికి రాలేరు. అంతకు మించి రాయను.

ఊళ్లో బౌద్ధ ఆరామం, వాళ్ల మాటలో వాట్, మా షెడ్డుకు కూతవేటు దూరం. పిల్లల్లో ఎక్కువమంది అక్కడికి వెళ్లేవాళ్లే. ఒకరోజు అక్కడి పెద్ద భిక్షువు నుంచి కబురొచ్చింది: మా కుర్ర భిక్షువులకు కూడా ఆ భారతీయ టీచరు ఇంగ్లీషు నేర్పుతుందా అని. మా బృంద నాయకుడు, ఫిలిప్పీన్స్ ఆయన, తటపటాయించాడు. డబ్బిచ్చిన సంఘాలకు ఏమని రాస్తాం, క్రైస్తవ పరిచర్యకు వచ్చి బౌద్ధ ఆరామంలో పాఠాలా? పాస్టరుగారు మాత్రం వెంటనే వెళ్లమన్నాడు. ఊరికి పిల్లలు ఒకటే, వాళ్లవి వీళ్లవి అని ఉండరన్నాడు. వెళ్లాను.

భిక్షువులు మధ్యాహ్నం తర్వాత భోజనం చేయరు కాబట్టి పాఠం భోజనం అయ్యాక, ఎండ దిగకముందే. ఆడవాళ్లు వాళ్లను తాకకూడదు, చేతి నుంచి చేతికి ఏదీ అందించకూడదు. దిద్దిన నోటు పుస్తకాన్ని బల్ల మీద పెట్టి వెనక్కి జరిగితే, కాషాయం కొంగు సర్దుకుని వాళ్లు తీసుకునేవారు. మొదట్లో ప్రతిసారీ చెయ్యి చాచబోయి ఆగేదాన్ని, తర్వాత అలవాటైంది. ఇంగ్లీషు ఎందుకని అడిగాను. ఒకాయనకు సియెం రీప్‌లో టూరిస్టులకు ఆంగ్‌కోర్ ఆలయాలు చూపించాలని ఉంది. కాషాయం విడిచి సంసారంలోకి వెళ్లాక ఆ పని చేస్తాడట, అక్కడ అది సాధారణమే. ఇంకొకాయనకు ఫోనులో ధర్మోపన్యాసాలు అర్థం కావాలి.

పదహారేళ్లుంటాయేమో, ఒక కుర్ర భిక్షువు మాత్రం కొన్నాళ్లు మౌనంగా విని, ఒకరోజు నోటు పుస్తకంలో ముందే రాసుకొచ్చుకున్న ప్రశ్న చదివాడు. బుద్ధుడు మీ వైపు వాడు కదా, మరి మీరు క్రైస్తవులు ఎలా అయ్యారు?

ఫోను తీసి అమరావతి చూపించాను. మా ఊరికి గంట ప్రయాణం. మహాచైత్యం ఉన్న చోటు, ధ్యానబుద్ధ విగ్రహం, 2006లో దలైలామా కాలచక్ర జరిపిన నేల. బుద్ధుడు మాకూ కావాల్సినవాడేనని చెప్పాను. ఫోను చుట్టూ తలలు మూగాయి. అయితే అది అతను అడిగినదానికి జవాబు కాదని నాకు తెలుసు. అప్పుడు నాకు తెలిసిన అతి చిన్న ఇంగ్లీషు మాటలు ఏరుకుని చెప్పాను. మా అమ్మమ్మ చిన్నప్పుడు చదువుకోవాలనుకుంది. మా కులం వాళ్లను ఊరి బడి గడప తొక్కనివ్వలేదు. మిషన్ బడి రమ్మంది. వెళ్లింది. అంతే. ఆ మాటలు చెప్పడానికి ఏ వ్యాకరణం అవసరం రాలేదు, కానీ అంతదాకా నేను ఇంగ్లీషులో ఎవరితోనూ ఆ సంగతి చెప్పలేదు. అతను కాసేపు ఆలోచించి, రాసుకోవడానికి వంగి, ‘గ్రాండ్‌మదర్’ స్పెల్లింగ్ చెప్పమన్నాడు.

బృందంతో నాకు ఒక్కచోట గట్టిగానే తేడా వచ్చింది. చివరి వారంలో ఎవరో దగ్గరలోని అనాథాశ్రమానికి వెళ్లి ఒక పూట పిల్లలతో ఆడి వద్దామన్నారు. నేను రానన్నాను. కంబోడియాలో అలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ చాలా ఏళ్లుగా చెబుతోంది. వచ్చిపోయే విదేశీయుల ముద్దుల కోసం, విరాళాల కోసం పిల్లల్ని అక్కడ ఉంచడం ఒక వ్యాపారంగా మారిన సంగతి అక్కడ అందరికీ తెలుసు. మా వాళ్లు ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. వెళ్లలేదు గానీ, ఆ రాత్రి ప్రార్థన కొంచెం బిగుసుకుపోయినట్టే జరిగింది.

వెళ్లొచ్చాక ఏం మిగిలిందని అడుగుతారు. అంత తక్కువ కాలంలో ఎవరికీ ఇంగ్లీషు రాదు, ఇది ముందే తెలిసి వెళ్లడం మంచిది. పిల్లలు మాట చివర సకారం పలుకుతున్నారని ఆ టీచరు టెలిగ్రామ్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపుతుంది. అక్కడ అందరూ టెలిగ్రామే వాడతారు. వారానికొకసారి తన పాఠం రికార్డు చేసి పంపితే, నేను విని నాలుగు మాటలు చెబుతాను. మొన్న ‘యూజ్డ్ టు’ వాడకం మీద ఒక ప్రశ్న పంపింది, నాకే రెండు రోజులు పట్టింది. పదో తరగతి గ్రామర్ పుస్తకం తీయాల్సి వచ్చింది.

వచ్చే ఏడాది మళ్లీ బృందాన్ని పంపాలని మా సంఘంలో ఉత్సాహంగా ఉన్నారు. నేను సంఘ కమిటీలో ఒక ప్రతిపాదన పెట్టాను. ఇద్దరి విమాన టికెట్ల డబ్బు మిగిల్చి ఆ అమ్మాయి డిగ్రీ ఫీజు కడదాం, తరగతికి ప్రింటరు ఒకటి కొందాం, మనవాళ్లు ఒక్కరే వెళ్లి, వెళ్లినవాళ్లు ఆ మూల బెంచీ మీద కూర్చుందాం అని. స్త్రీల సమాజం ఒప్పుకుంది. యవ్వనస్థులు ఒప్పుకోలేదు, వాళ్లకూ ఆ దేశం చూడాలని ఉంటుంది కదా, తప్పేమీ లేదు. ఫీజు కట్టడం పరిచర్య కింద లెక్కకు వస్తుందా రాదా అని కోశాధికారిగారు అడుగుతున్నారు. వచ్చే నెల మీటింగులో మళ్లీ చర్చకు వస్తుంది.